ఫ కింది గీత

బర్కత్‌పురలో జిరాక్స్ షాపు మీద
మూడో అంతస్తు నాది.
ఒక కంప్యూటరు, ఒక టేబుల్ ఫ్యాను.
కరెంటు పోతే ముందు ఫ్యాను అలుగుతుంది, తర్వాత నేను.

మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చింది జులేఖా బీ.
చేతిలో పాల ప్యాకెట్ల సంచి.
సంచిలో పాలు లేవు, మడత పెట్టిన ప్యాంటు ఉంది.

"దుకాణం పెడుతున్న. మురాద్‌నగర్ల,
పిండిగిర్నీ పక్కన, ఆరడుగుల జాగా.
అబ్బా ముప్పయ్యేండ్లు ఫుట్‌పాత్ మీద కూసోని రఫూ చేసిండు.
ఆయనకు బోర్డు లేకుండె. నాకు గావాలె.
బొమ్మ గూడ. అదే, లోగో అంటరు గద."

ఎంత అంది. పదిహేను వందలన్నాను.
నా మొహం కేసి కాదు,
నా చొక్కా జేబు కేసి చూసింది.

మొదటి వారం సూది గీశాను.
"దర్జీ అనుకుంటరు."
దారపు ఉండ గీశాను.
"మాంజా అనుకోని పతంగుల పిల్లలొచ్చి పడతరు."
చిరిగిన గుడ్డ గీశాను, అంచులు పీచులు పీచులుగా,
రెండు రాత్రులు, నా చేతికి నేనే మురిసిపోతూ.
చాలాసేపు చూసింది.
"మంచిగున్నది సాబ్. గని డాక్టరు బోర్డు మీద
పుండు బొమ్మ ఏస్తరా?"

అప్పుడు తీసింది సంచిలోంచి ప్యాంటు.
బూడిద రంగు ఉన్ని, ఎవరిదో పెళ్లి సూటుది.
"మోకాలి కాడ ఎలుక కొట్టింది. ఏడనో చూపియ్యి."
కిటికీ దగ్గరికి పట్టుకెళ్లాను,
వెలుతురుకెత్తాను, వేళ్లతో తడిమాను,
చివరికి ఓ చోటు చూపించాను.
నవ్వింది.
అది మిల్లు నేసిన చోటు.

నా విద్యంతా కనబడటానికే.
ఎర్రగా, పెద్దగా, కదిలే బస్సులోంచి కూడా చదివేలా.
బిర్యానీ హోటలొకదానికి నేను గీసిన మంటల కోడి
ఫ్లైఓవర్ మీంచి కనిపిస్తుందని
ఇప్పటికీ చెప్పుకుంటాను.
కనబడకపోవడమే పనితనమైన మనిషికి
ఏ గుర్తు గీయను?

చాయ్ చల్లారింది.
ఏం తోచక పేరు కొట్టాను, తెలుగులో,
తెరంతా పట్టేంత పెద్దగా:
రఫూ.

ఆమెకు తెలుగు మాటే వచ్చు, రాత రాదు.
అందుకే అక్షరాల్ని బట్టలా చూసింది.
ఏది నేత, ఏది ముడి, ఎక్కడ పోగు లేచింది.
వేలు పెట్టింది.
"కింద ఏలాడుతున్నది ఇదేంది?
దారం కొస మిగిలినట్టున్నది. కత్తిరించు."

అది తీస్తే ఫ పోయి ప అవుతుందమ్మా,
మీ దుకాణం రపూ అవుతుంది, అన్నాను.
"గంత గీతకా?"
ఆ గీతకే.

కాసేపు మాట్లాడలేదు.
కింద జిరాక్స్ మెషీను
ఎవరిదో ఆధార్ కార్డు మీద వెలుగు నడిపిస్తున్న చప్పుడు.
"మరి సూది అదే గద," అంది.

అంతే పని.
గీత కొసను కొంచెం సన్నం చేశాను,
పైన ఆవగింజలో సగమంత బెజ్జం.
ఎర్ర రంగు వేయబోతే "నక్కో" అంది.
నల్ల అక్షరంలో నల్ల సూది.

బోర్డు లేచి నాలుగు నెలలు.
గోధుమల డబ్బాలు దింపుకుని
పిండి పట్టేదాకా అందరూ దాన్నే చదువుతారట.
సూది మాత్రం ఇంతవరకు ఎవరి కంటా పడలేదట.
ఫోన్లో చెబుతుంటే కంప్లయింటనుకున్నాను.
గొప్పగా చెబుతోంది.

నాకు పన్నెండు వందలే ఇచ్చింది.
మిగతా మూడొందల కింద చొక్కా పట్టుకుపోయింది.
స్కూటర్ తాళం గుచ్చుకుని జేబు మూల చిరిగిన చొక్కా.

ఇప్పుడు కొత్త కస్టమర్లు
ఇంకా పెద్దగా, ఇంకా ఎర్రగా అంటున్నప్పుడు
నా వేలు దానంతటదే జేబు దగ్గరికి పోతుంది
వెతుక్కుంటూ.
కుడి మూలా, ఎడమ మూలా,
అదే మరిచిపోయాను.