తుమ్మితే ఆగాలె

ఏనుమాముల మార్కెట్ల కాంటా రాస్త నేను.
పొద్దంత మిర్చి బస్తాలు,
పొద్దుగూకినంక ఏనుగులు, బంట్లు.
ఎంత కడిగినా వేళ్ల సందుల
తేజ రకం ఘాటు మిగిలే ఉంటది.
నా పుస్తకంల నూటపన్నెండో పేజీ
అందుకే ఎర్రగుంటది.

ఆ పేజీల ఒకటే బొమ్మ:
నా రాజు గోడకు ఆనుకొని నిలబడ్డడు,
ఎదురుంగ వాళ్ల బంటు, పక్కన వాళ్ల రాజు.
నాకు ఒక బంటు తక్కువ.
అయినా ఓడిపోను,
నా ఏనుగు మూడో వరుస మీద
అటు రెండు గళ్లు, ఇటు రెండు గళ్లు తిరిగితే చాలు.
వాళ్ల బంటు ఆ వరుసల కాలు పెట్టిననాడు,
అప్పుడు, అప్పుడే,
ఆ కొసకు ఉరికి ఎనుకనుంచి చెక్కు చెప్పాలె.
అందాక ఏం చెయ్యకుండ ఉండుడే పని.

ఆనకాలమంత ఆ పని నేర్చుకున్న.
సరుకు రాని దినాలల్ల
హమాలీ కొంరెల్లి బస్తా మీద బోర్డు పరిచి
వాళ్ల దిక్కు ఆడేటోడు.
"ఇదేం ఆటనే,
పని లేనోడు గల్లీల తిరిగినట్టు!"

మా నాయిన ఆట వేరే.
ఆజంజాహి మిల్లుల, అన్నం గంటప్పుడు,
నేల మీద సుద్దముక్కతోటి గళ్లు.
బాబిన్లు రాజులు, సీసా మూతలు బంట్లు.
ఆ బంటు మొదటిసారి కూడ ఒక్క గడే నడిచేది.
మంత్రిని వజీరు అనేటోడు.
సైరన్ కూస్తే ఆట ఎక్కడిదక్కడ్నే,
తెల్లారేసరికి ఎవరో ఊడ్చేసేటోళ్లు.
నాయిన ఓడిన ఆట ఒక్కటి గుడ లేదు.
గెలిచింది గుడ.

హన్మకొండల టోర్నమెంటు, ఫంక్షన్ హాల్ల.
రాత్రి పెండ్లి మల్లెపూలు
ఇంకా కార్పెట్‌కు అంటుకొనే ఉన్నయి.
ఆరో రౌండు, ఇరవైమూడో టేబులు.
ఎదురుంగ పరకాల నుంచి వచ్చిన హన్విక,
పదేండ్లు, కాళ్లు నేలకు అందుతలేవు,
ఊపుకుంట ఆడుతది.
మూడు గంటలైనంక చూస్తే బోర్డు మీద
నూటపన్నెండో పేజీ.
ఎర్ర మరక ఒక్కటే తక్కువ.

అటు రెండు గళ్లు. ఇటు రెండు గళ్లు.
ఆ పిల్ల బంటును జరుపది.
రాజును అటు ఇటు కదుపుతది, నీళ్లు తాగుతది,
కాళ్లు ఊపుతది.
చెమట పట్టింది, రుమాలు తీసి మొహం తుడుచుకున్న.
రుమాల్ల మొత్తం మార్కెట్ ఉంది.

తుమ్మిన.
ఎనభై తలలు లేచినయి.
ఆర్బిటర్ అద్దాల మీదికెళ్లి చూసిండు.
మా స్వరూప ఉంటే అంటుండె:
తుమ్మినవ్, జరసేపు కూసో,
మంచినీళ్లు తాగి కదులు.
గడియారంల నలభై సెకన్లు.
సిగ్గుకు చెయ్యి దానంతటదే లేచింది,
ఏనుగు వరుస దిగి ఆ కొసకు ఉరికింది.
"చెక్" అని గుడ అన్న, అననవసరం లేకున్నా.

బంటు ఇంకా జరగనే లేదు.

హన్విక కాళ్లు ఊపుడు ఆపింది.
అప్పుడు తెలిసింది నాకు.

సంతకాలు పెట్టినంక, బయట నీళ్ల క్యాన్ల పక్కన,
ఆ పిల్లనే మళ్ల బోర్డు పేర్చింది.
"అంకుల్, ఈ వరుస ఇడువకపోతే
నాకేం లేకుండె."
నీకు ముందుగాల్నే తెలుసా బిడ్డా?
"తెలుసు.
మీరెప్పుడన్న మర్చిపోతరేమో అని ఆగిన."

ఆగుడు నేను పుస్తకంల నేర్చుకున్న.
ఈ పిల్ల ఏడ నేర్చిందో.
రేటింగుల పంతొమ్మిది పోయినయి.
పొయ్యేదాంట్ల ఇంకో రెండు బస్‌ చార్జీలు కలుపుకోవాలె.

మొన్న రాత్రి లోడు లారీ కోసం ఎదురుచూసుకుంట
ఫోన్ల పెద్దోళ్ల ఆట పెట్టిన.
ఏదో దూరదేశం, బయట మంచు కురుస్తున్నదట.
ఐదు గంటల కాంచి కూసున్నడు ఒకాయన,
ఒక బంటు తక్కువ,
ఏనుగు మూడో వరుస మీద.
కొంరెల్లి బీడీ ఆర్పి తొంగిచూసిండు.
"ఈయనకు గుడ పని లేదా?"
గదే పని, అన్న.

బస్తాల మీదికెళ్లి గాలి కొట్టింది.
లోపలికెళ్లి ఒకటి బయలుదేరింది.
రెండు వేళ్లతోటి ముక్కు గట్టిగ పట్టుకున్న,
ఆడ ఆయన ఎత్తు వేసేదాక.