సీటు ఖాళీగనే ఉంది

మూడు రోజులైంది నేను కూసుని.

దేవరకొండ నుంచి నల్లగొండకు
పొద్దుగాల రెండు ట్రిప్పులు, మాపటికి ఒకటి.
టికెట్లు కొట్టుడయినంక
ముందల తలుపు కాడి సీట్ల నడుం ఆనిచ్చేదాన్ని.
ఇప్పుడు రాడ్డు పట్టుకొని
కొండమల్లేపల్లి, గుర్రంపోడు, కనగల్,
గతుకు గతుకుకు పెదవి కొరుక్కుంట నిలబడ్డ.

"కూసోరాదు సైదమ్మా, సీటు ఖాళీగనే ఉంది"
అద్దంల చూసి అంటడు డ్రైవర్ జంగయ్య.
మోకాళ్ల నొప్పన్నా, వంగితె లేవనిస్తలేదు అన్న.
మోకాలంటె నలుగుట్ల చెప్పుకునే జాగ.

నా మిషన్ల ప్రతి స్టేజికి ఒక పేరుంది.
నాలుగిండ్ల తండకు గూడ పేరుంది.
నా ఒంట్ల ఆ జాగకు మాత్రం
"అక్కడ" అనుడే పేరు.
మా అమ్మ అట్లనే అన్నది, మా అత్త అట్లనే అన్నది,
నా బిడ్డకు నేను గూడ అదే టికెట్ కొట్టిచ్చిన.

మొదాలు శనగగింజంత.
తానం చేస్తుంటె చేతికి తగిలింది, నొప్పి లేదు.
నెల తిరిగేసరికి రేగుపండు.
ఒకనాటి రాత్రి నిమ్మకాయంతయి
గుండె జారి కిందికొచ్చినట్టు ఒకటే కొట్టుకునుడు,
పైనుంచి చలిజ్వరం.
ఒంట్ల వేడి అన్నది పక్కింటి ముత్తమ్మ, సబ్జాలు నానేసిచ్చింది.
సూదితోని పొడుస్తె పోతదన్నది ఇంకొకామె.
మా ఆయన గోడదిక్కు మల్లి పండుకున్నడు.
ఏం పాపం తగిలెనో అని చీకట్ల లెక్కలు తీస్తుంటె
చిల్లర అడగక దిగిపోయిన కనగల్ ముసలాయన
తొమ్మిది రూపాయలు యాదికొచ్చినయి.

నాలుగోనాడు బస్టాండుల బస్సాపి
సంచి భుజానుండంగనే పెద్ద దవాఖానకు పోయిన.
ఓపీ చీటీ రాసేటోడు ఏం బాధ అన్నడు,
నా వెనుక ఇరవై మంది.
"అక్కడ" అన్న.
ఎక్కడ అన్నడు.

లోపట డాక్టర్ నుస్రత్ మేడం
గ్లవుసులు తొడుక్కొని ఎడమదిక్కు చూసింది, కుడిదిక్కు చూసింది.
మొఖం చిట్లించలె.
నాకు ఏడుపొచ్చింది దానికే.

చీటీ వెనుక బొమ్మ గీసింది.
యోని వాకిలికి అటొకటి ఇటొకటి
బఠాణీ గింజంత గ్రంథులట,
తడి ఊరించుడు వాటి డ్యూటీ.
సన్న గొట్టం మూసుకపోతె
ఊరింది ఊరినట్టే నిలిచి బుడ్డ కడతది, బార్తోలిన్ సిస్టు.
క్రిములు చేరితె చీముగడ్డ.
"ఎవరికన్న వస్తదమ్మా. పాపం గాదు, మురికి గాదు."
బార్తోలిన్ అంటె ఎవరు మేడం?
పాతకాలం డాక్టరట.
నలభై మూడేండ్లు నేను మోసినదానికి
నా బస్సు ఎన్నడూ ఎక్కనోని పేరు.

చిన్నగున్నప్పుడే రావాల్సింది అన్నది.
గోరువెచ్చని నీళ్ల టబ్బుల రోజుకు మూడు నాలుగు సార్లు కూసుంటె
కొందరికి దానంతటదే తగ్గుతదట.
పిసకొద్దట, సూది అసలే పెట్టొద్దట.
ఇప్పుడు కొయ్యాలె.
ఉత్తగ కోసి ఇడిస్తె మూతి మూసుకొని మల్ల ఊరుతది,
అందుకని అంచులు బయటికి మలిచి కుట్టి
నోరు తెరిచే ఉంచుతరట.
"అగో, నీ తోలుసంచి లెక్క" అన్నది.
నలభై దాటినయి గనక
చిన్న ముక్క పరీక్షకు గూడ పంపుతనన్నది.
భయమైంది. అయినా తలూపిన.

డిపోల లీవు కాయితం మీద కారణం అనే గీత
బెత్తెడు సుత లేదు.
మోకాలు అని రాసి కొట్టేసిన.
బార్తోలిన్ గడ్డ, ఆపరేషన్ అని రాసిన.
గిదేం గడ్డ అన్నడు క్లర్కు.
ఆడోళ్లకు వచ్చేది, మీ ఇంట్ల గూడ రావచ్చు, యాదుంచుకో అన్న.

బొమ్మ గీసిన చీటీ నా బిడ్డ చూసింది.
"మా బడిల ఈ పాఠం ఇంటికాడ సదువుకోమన్నరమ్మా"
అనుకుంట మడతపెట్టి నోట్సుల పెట్టుకుంది.

పరీక్ష కాయితం మంచిగనే వచ్చింది.
మల్ల రాదని మాత్రం మేడం మాటియ్యలె.

ఇయ్యాల బాత్రూంల ప్లాస్టిక్ టబ్బు,
మోచెయ్యి ముంచి చూసుకున్న గోరువెచ్చని నీళ్లు.
అంచు పట్టుకొని మెల్లెగ, ఇంకా మెల్లెగ.

"ఏం చేస్తున్నవే అమ్మా, సప్పుడు లేదు?"

కూసున్న బిడ్డా.