ఐదేసి చొప్పున

మెథడిస్టు చర్చి నేలమాళిగలో
హీటరు ముసలాడిలా దగ్గుతోంది.
ఐరన్‌టన్‌లో, ఒహాయో నదికి మూడు వీధుల ఇవతల
ఈ సాయంత్రం మా సంస్థ సాలుసరి లెక్కలు.
కోశాధికారిని నేనే.
జీతం లేదు, తాళంచెవి ఉంది.

జమ: అరవై ఒక్క వేల ఎనిమిది వందల నలభై డాలర్లు.
ఆపిల్ పైలు అమ్మితే నాలుగు వందల పన్నెండు.
వెండెల్ తన పాత రైల్వే నేస్తాల మధ్య టోపీ తిప్పితే నూట ఆరు.
మిగతాదంతా ఒకటే పద్దు:
కోర్టు ఒప్పందం కింద కౌంటీకి ముట్టి
కౌంటీ గుప్పిట్లోంచి చుక్కలు చుక్కలుగా మాకు రాలిన
మాత్రల కంపెనీల డబ్బు.

ఆ పద్దు దగ్గర ఏటా పెన్ను ఆగుతుంది.
ఆ మాత్రలు లెక్కపెట్టిందీ ఈ చెయ్యే.
పదిహేనేళ్ల కిందట మందుల షాపులో
నీలం పళ్లెం మీద, చిన్న గరిటెతో
ఐదు, పది, పదిహేను, ఇరవై
నూట ఇరవై దాకా.
చీటీ మీద డాక్టరు సంతకం ఉండేది.
సంతకం సరిగ్గానే ఉండేది.
క్యూ తలుపు దాటి పార్కింగులోకి పాకేది.
ఒక్క మాత్ర తేడా రాలేదు ఎన్నడూ.
అదే నా గొప్ప అనుకునేదాన్ని.

"హైమా, ఖర్చు చదువు" అంటాడు వెండెల్.

చదువుతాను.
బడిపిల్లల మంగళవారాలకు పిజ్జా.
వ్యానుకు టైర్లు, రెండు, వెనకవి.
పోలీసు స్టేషను గుమ్మంలో వాడని మందుల డబ్బా,
అందులోంచి ఏడాదిలో రెండు వందల పన్నెండు పౌన్లు ఎత్తిపోశాం.
అమ్మమ్మలకు పంచిన తాళంపెట్టెలు మూడు వందల నలభై,
ఒక్కోటి పదిహేడున్నర.

ఈసారి కౌంటీ ఫారంలో కొత్త గడి పుట్టింది:
ఎంతమందిని ఆపగలిగారు?
చిన్న గడి. అంకె తప్ప మాట పట్టదు.
జరగనిదాన్ని ఏ చిట్టాకెక్కించను?
పోయినవాళ్లకు పేర్లున్నాయి, తేదీలున్నాయి.
పోనివాళ్లు అంగట్లో పాలడబ్బా పుచ్చుకుని
నన్ను గుర్తుపట్టకుండానే పక్కనుంచి నడిచిపోతారు.
"సున్నా వేస్తే అబద్ధం" అంది డార్లా స్కాగ్స్,
"వంద వేసినా అబద్ధమే.
ఖాళీగా వదిలితే మాత్రం వ్యాను ఆగిపోతుంది."
పదిహేనో తేదీ గడువు.
కాఫీ చల్లారింది.

ఒక పద్దు నేను పైకి చదవలేదు.
మార్చిలో, వాన పడుతుంటే, ఆర్ఫా లాంబర్ట్ వచ్చింది
కోటు కింద తాళంపెట్టె పొదువుకుని.
"తీసేసుకోండి. ఎవరి నుంచి దాచాలో
వాడిప్పుడు ఇంట్లో లేడు."
రసీదు అడిగింది. రాసిచ్చాను.
వాపసు: ఒకటి.
లెక్క ప్రకారం సరుకు పెరిగింది.
లెక్క ప్రకారం అది మాకు లాభం.

మీటింగు ముగిసి కుర్చీలు మడుస్తుంటే
డాల్టన్ వాళ్ల అమ్మమ్మ మెట్ల దగ్గర నిలబడి ఉంది.
మోకాలి ఆపరేషనట.
ఇంట్లోకి మాత్రలొస్తాయట.
పిల్లాడికి పద్నాలుగు నిండాయట.
అంతకుమించి చెప్పలేదు, నేను అడగలేదు.

కొత్త పెట్టెలు నిండుకున్నాయి.
అరలో ఆ ఒక్కటే ఉంది
అడుగున ఆర్ఫా అంటించిన చీటీతో.
నాలుగంకెలు. మనవడు పుట్టిన జూన్ నెల, పంతొమ్మిది.
ఈ తాళాల తీరే అంత,
కొత్త నంబరు పెట్టాలంటే
ముందు పాతది నొక్కాలి.

సున్నా. ఆరు.
ఒకటి.
తొమ్మిది.

మూత లేచింది.
లోపల సీసా మూతికింద ఉండే దూది, చిన్న ముక్క.
తీసి జేబులో వేసుకున్నాను,
ఏ ఖాతాలోనూ రాయలేదు.

"మీ నంబరు మీరే పెట్టుకోండి, నేను చూడను" అని
గోడవైపు తిరిగాను.
అక్కడ మడిచిన కుర్చీలున్నాయి.
ఊరికే ఉండలేక లెక్కపెట్టాను
ఐదేసి చొప్పున కాదు,
ఒక్కొక్కటే.