రోజుకు ఒక్కటే చల్లటి ఇంజన్

కయానీ ఊళ్ళో జనవరి. మైనస్ ఇరవై నాలుగు.
బేకరీలో రాత్రి షిఫ్టు దిగి ఇర్మెలి వచ్చేసరికి
నేను షెడ్డు ముందు మంచు ఎత్తిపోస్తూ ఉంటాను.
ఆమె కోటు మీద రై పిండి, నా మీసాల మీద మంచు.
ఎవరు ఎక్కువ తెల్లబడ్డారో తేల్చుకోం.

కారు పాత వోల్వో, అట్టపెట్టె ఆకారం.
దాని సొంత ఇంజన్ పోయిన వేసవిలో
గొలుసుకు వేలాడి దిగిపోయింది.
ఆ చోట్లో ఇప్పుడు
నుజ్జయిన జర్మన్ కారు ఆరు సిలిండర్లు,
డీజిల్ వ్యాను టర్బో,
మంచం పట్టీలు కోసి ఇర్మెలి వెల్డింగ్ చేసిన బిగింపులు.
అన్నీ కుదిరాయి.
దాని ఆకలి ఎంతో మాత్రం ఎవరికీ తెలీదు.

ఆకలంటే ఒక పట్టిక.
అడ్డంగా వేగం, నిలువుగా ఒత్తిడి,
రెండువందల యాభై ఆరు గళ్ళు,
అన్నీ తెరిచిన నోళ్ళే.
చిటికెడు తగ్గితే పిస్టన్ కరుగుతుంది,
గరిటెడు ఎక్కువైతే పొలమారుతుంది.
అక్టోబరంతా సరస్సు పక్క రోడ్డు మీద
ఆమె నడిపేది, నేను ఒళ్ళో లాప్‌టాప్‌తో అంకెలు దిద్దేవాణ్ణి.
"మూడు వేల నాలుగొందలు. పట్టి ఉంచు. ఇంకా పట్టి ఉంచు."
రాగి గొట్టం ఒక కొస బ్లాకుకి, ఒక కొస నా ఎడం చెవికి.
కుడి చెవిని ముప్ఫై ఏళ్ళ బస్సు డిపో తినేసింది.
లోపల గులకరాళ్ళు రాలినట్టు వినబడితే చాలు,
కాలు తియ్యమని ఆమె మోచెయ్యి తట్టేవాణ్ణి.

చలికాలం లెక్క వేరు.
చల్లటి ఇంజన్ రోజుకు ఒక్కటే దొరుకుతుంది.
ముట్టించావా, వేడెక్కిపోతుంది.
ఇక నీ తప్పు రేపటిదాకా తప్పుగానే నిలవుంటుంది.
పైగా మేం పోసేది ఇథనాల్,
ఈ చలిలో ఆవిరవమంటే మొండికేస్తుంది.
అమ్ముడుపోని రొట్టెల్ని పులియబెట్టి తీసిన సరుకట.
"కాల్చిందాన్నే మళ్ళీ కాలుస్తున్నాను" అంటుంది ఇర్మెలి,
నవ్వదు.

బ్యాటరీ పది వోల్టులకు జారితే
ఇంజెక్టర్‌కి కూడా బద్ధకమే.
తెరుచుకో అన్న మాటకీ తెరుచుకోవడానికీ మధ్య
రెండు మిల్లీసెకన్ల నసుగుడు.
ఆ నసుగుడుకీ ఒక అంకె రాశాను.

సోమవారం దగ్గింది, ఆగింది.
మీటర్ గాలి ఎక్కువంది. పదిశాతం పోశాను.
మంగళవారం దగ్గింది, ఆగింది. ఇంకో పది.
బుధవారం నాడు నాకే దగ్గు.
శుక్రవారానికి, ఆకలని ఏడవని బిడ్డకి
ఉగ్గు మీద ఉగ్గు పడుతున్నానని
నాకెలా తెలుస్తుంది?

శనివారం ఆమె పొగగొట్టం దగ్గర వంగింది.
"ఇది ఆకలి కాదు, అజీర్తి."
"మీటర్ చూడు" అన్నాను.
"పిండి పులిసిందో మురిగిందో
పద్దెనిమిదేళ్ళుగా ముక్కుతో చెబుతున్నాను.
నీ మీటర్ వయసెంత?"
ప్లగ్గు విప్పి నా అరచేతిలో పెట్టింది,
తడిసి ముద్దయి, సారా వాసన కొడుతూ.

మానిఫోల్డ్ గాస్కెట్ దగ్గర
గోరు కూడా దూరని సందు.
చలికి తెరుచుకుంటుంది, వేడికి ఏమీ ఎరగనట్టు మూసుకుంటుంది.
బయటి గాలి అందులోంచి దూరి
సెన్సార్‌కి చాడీలు చెప్పింది.
సెన్సార్ నాకు చెప్పింది.
నేను నమ్మాను. అంకె కదా.

కొత్త గాస్కెట్ వేశాం.
వారం రోజుల అంకెలు ఒక్క మీట నొక్కి చెరిపేశాను.
వేళ్ళకి చలి, అందుకే కాస్త ఆలస్యమైంది,
అంతే.

ఇవాళ ఆదివారం.
బేకరీ టోపీ తీసి మీటర్ మీద బోర్లించింది ఇర్మెలి.
"చెవి పెట్టు" అంది.
తాళం తిప్పింది.
ఒకటి. రెండు. మూడో తిప్పుకి
ఆరు సిలిండర్లూ అంటుకున్నాయి,
కాదు, ఐదు, ఆగాగు, ఆరు.
వేగం మాత్రం ఊగుతోంది,
నిద్రమత్తులో నడిచే మనిషిలా గోడ తడుముకుంటూ.
షెడ్డు నిండా తెల్లటి ఆవిరి, పుల్లటి రొట్టె వాసన.
ఎక్కడో ఒక గడిలో రెండు శాతం ఎక్కువుంది,
ఏ గడో పట్టుకోబోయేంతలో
ఇంజన్ వేడెక్కిపోయింది.

"రేపు" అంది ఇర్మెలి,
టోపీ తీసుకుని నిద్రకి వెళ్ళిపోయింది.