దీపం ఆర్పడం

ముప్పై ఒక్క ఏళ్లు
నెత్తిన దీపం పెట్టుకుని రాగి గనిలోకి దిగినవాడు బెలిసారియో.
చీకటంటే అతనికి
పైకప్పు చిటపటమన్నప్పుడు
పక్కవాణ్ణి పేరు పెట్టి పిలిపించేది.

చిలీలో, ఒవాయే పట్నానికి ఎగువన
కొండల్లో అతని ఇల్లు.
పింఛను మొదలైన నెల
సంతలో ఒక టెలిస్కోపు కొన్నాడు.
అట్టపెట్టె మీద శనిగ్రహం పళ్లెమంత.
ఇంటికొచ్చి కన్ను పెడితే
వణికే బియ్యపు నూక.
అదీ రెండు క్షణాలు, తర్వాత కరెంటు తీగ.
మూడు కాళ్లలో ఒకటి ఎప్పుడూ కుంటిదే.
దాన్ని మేనల్లుడికి అంటగట్టి
వాడి పాత బైనాక్యులర్స్ పట్టుకొచ్చాడు,
గుర్రప్పందేలు చూసి చూసి అలిసినవి,
ఎడమ అద్దం మీద సన్నటి గీత.

"ముందు ఆ దీపమార్పు"
గోడ అవతల నుంచి ఒర్ఫెలినా.
రొట్టెల పొయ్యి ఆమెది.
నలభై ఏళ్లుగా ఆకాశమే గడియారం,
ఎవరూ అడగలేదు గనక ఎవరికీ చెప్పలేదు.

"ఆర్పి?"
"కూర్చో."
"ఎంతసేపు?"
"పిండి పొంగేంతసేపు కాదులే. అందులో సగం."

మొదటి అయిదు నిమిషాలూ గనే.
అరచేతుల్లో చెమట,
నెత్తి మీద లేని టోపీ బరువు.
చెయ్యి దానంతటదే నుదుటికి పోయి
మీట వెతికింది.
పదో నిమిషానికి అంజూరపు చెట్టు కింద కుక్క కనపడింది,
కుక్క వెనక కంచె,
కంచె వెనక కొండ అంచు,
ఆ పైన
ఇన్ని ఎక్కణ్ణించి వచ్చాయి?

ఎక్కణ్ణించీ రాలేదు.
కళ్లే ఇప్పుడొచ్చాయి.

బైనాక్యులర్స్ ఎత్తితే చుక్కలన్నీ
బడిలో చేరిన పిల్లాడి రాత.
డ్రిల్లు వదిలి ఏడాదైనా
డ్రిల్లు ఆ చేతుల్ని వదల్లేదు.
ఆమె గోడ మీంచి పిండి బస్తా అందించింది.
దాని మీద మోచేతులు ఆనిస్తే
మూడు చుక్కలు వరసగా, కుదురుగా నిలబడ్డాయి.
మనం గొల్లకావడి అనేది
అక్కడ ముగ్గురు మరియలు.
మన పిల్లలకోడి వాళ్లకు మేకపిల్లలు.
కోడైతేనేం, మేకైతేనేం,
సూటిగా లెక్కపెడితే ఆరు,
చూపు కాస్త పక్కకు జరిపితే ఏడోది
ఓరకంటికి చిక్కుతుంది.

కరెంటు బిల్లుల వెనక రాసుకున్నాడు:
మంగళవారం. దక్షిణాన రెండు మబ్బులు, పెద్దదొకటి, చిన్నదొకటి.
బుధవారం. అవే మబ్బులు. గాలి బాగానే ఉంది, కదలవేం?
గురువారం. మళ్లీ అవే. వీటి మొహం మండ.

శుక్రవారం అది చదివి
ఒర్ఫెలినా పిండి చేతుల్తోనే కళ్లు తుడుచుకుంది నవ్వలేక.
"మబ్బులు కావయ్యా అవి. చుక్కల కుప్పలు.
దూరం ఎక్కువై పిండిలా కనపడతాయి."

అతను నవ్వలేదు.
నల్లటి దాని మీద తెల్లటి మరకలు
ఇదివరకొకసారి చూశాడు,
ఆస్పత్రిలో, దీపప్పెట్టెకు తగిలించిన ఫిల్ము మీద.
"ఇది రాతి ధూళి, ఇదీ ధూళే" అని
డాక్టరు పెన్సిలుతో చూపిస్తుంటే
కిటికీ వైపు తిరిగిపోయాడు.
ఇప్పుడు బస్తా మీద గడ్డం ఆనించి
పెద్ద మరక నుంచి చిన్న మరకకి,
మళ్లీ పెద్దదానికి,
దగ్గు వచ్చినప్పుడు ఆగి,
తగ్గాక వదిలిన చోటు నుంచి.

ఫిబ్రవరి ఆఖరు.
మూడింటికి ఆమె పొయ్యి రాజేసింది.
దక్షిణపు శిలువ ఇంకా కొంచెం ఒరిగే ఉంది,
అది నిటారుగా నిలబడేసరికి
మొదటి వాయి బయటికి రావాలి.
తలుపు సందులోంచి మంట వెలుగు
పెరడంతా పరుచుకుంది.

"తలుపెయ్యవమ్మా!
మళ్లీ మొదట్నించి కూర్చోవాలి నేను."

వేసింది. కూర్చున్నాడు.
చీకట్లోంచి ముందు
రొట్టె వాసన వచ్చింది,
చుక్కలు తర్వాత.