అర ఆంపియర్

"రోజుకి ఎంత దూరం పోతావు?"
కోవూరులో మీరాబీ అడిగిన మొదటి మాట అది.
నేను ధర అడిగాను. ఆమె దూరం అడిగింది.

దూరమేముంది,
చెరువు నుంచి చెరువుకి, కట్ట మీద,
అరకిలోమీటరు కూడా ఉండదు.
బండి ఆపి, సంచిలోంచి సీసాలు తీసి,
నీళ్ళలో ఉప్పెంత, ఊపిరెంత, బురదలో కంపెంత అని చూసి
మళ్ళీ మీట నొక్కడం.
పొద్దుగూకేసరికి నలభైసార్లు.

నా బ్యాటరీని ఎత్తి
కొబ్బరికాయని ఊపినట్టు కొంచెం ఊపి
"అదే దీని జబ్బు" అంది.
"నలభైసార్లు తోడుకుంటివి.
తిరిగి పొయ్యడానికి ఒక్కనాడన్నా
పది మైళ్ళు తోలితివా?"

ఆరు మూతలూ విప్పింది.
రబ్బరు బుడ్డి నొక్కి, గాజుగొట్టంలోకి పీల్చి,
లోపల తేలే పుల్లని నా ముఖం ముందు పెట్టింది.
"చదువు. నీళ్ళు చదవడమే గదా నీ పని."
చదివాను.
మొదటి గదిలో ఆకుపచ్చ గీత.
రెండోదాంట్లో తెలుపు.
మూడోదాంట్లో పుల్ల తేలనే లేదు,
అడుగున కూలబడింది.

"ఏం పోసినావు ఇందులో?"
"క్యాన్ నీళ్ళు."
"ఏ క్యాన్?"
"తాగే క్యాన్."
నా చొక్కా జేబు మీద కుట్టిన అక్షరాలు
కూడబలుక్కుని పైకే చదివింది: నీటి పరీక్ష.
నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

అసలు నీళ్ళెందుకు తగ్గాయంది.
దసరా అప్పుడు, జనరేటర్‌కి వాడే పెద్ద చార్జరు,
పది ఆంపియర్లది, రెండు గంటలు తగిలించాను.
బుడగలొస్తుంటే బాగా ఎక్కుతోందనుకున్నాను.
"ఎక్కలా. ఉడికింది."

ఆ రాత్రి సంగతి మాత్రం చెప్పలేదు.
కార్తీకం. వాన. రెండింటికి కరెంటు పోయింది,
జనరేటర్ బెల్టు తెగింది.
ఐదో చెరువులో చక్రాలు నీళ్ళు చిమ్మడం మాని,
ఊరికే నాలుగు చుట్లు తిరిగి, ఆగాయి.
విడవలూరు పోయి బెల్టు తేవాలి.
మీట నొక్కితే
టక్.
మళ్ళీ నొక్కితే టక్ కూడా లేదు.
కిక్కు లేని బండే కావాలని మోజుపడి కొన్నది నేనే.
పెంచలయ్య వెనకనుంచి తోశాడు.
రేగడి కట్ట చక్రాన్ని పట్టుకుని వదలదు.
జారి, చేతిలో టార్చి చెరువు మీదికి తిరిగింది.
రొయ్యలు పైకొచ్చేశాయి.
నీటి అంచు పొడవునా కళ్ళు, ఎర్రగా,
ఆరిపోబోయే బీడీ ముక్కంత.
లెక్కపెట్టలేం.

మీరాబీ అలమారలోంచి సీలు వేసింది తీసింది.
"మూతలుండేదైతే నూటయాభై తక్కువ.
కానీ నీళ్ళ సంగతిలో నిన్ను నమ్మను."
తొమ్మిది ఆంపియర్లది ఇవ్వమన్నాను.
"గూట్లో పట్టేది చూడు. ఐదే.
పెద్దది పెడితే పెద్ద ఆకలి,
నీ కట్టమీది తిరుగుడు దానికి ఏ మూలకి?"
అడుగున అచ్చేసిన తారీఖు చూపించింది.
"షాపులోనే ముసలైపోయింది ఎవరిచ్చినా కొనబాక."

ఇంకో పెట్టె తీసింది, అరచేతిలో పట్టేది.
అర ఆంపియర్.
"ఇంతేనా?"
"ఇంతే. రాత్రంతా తాగనీ. నిండితే అదే ఆపుకుంటాది.
బిగించేప్పుడు ఎర్రతీగ ముందు,
ఊడదీసేప్పుడు నల్లది ముందు.
కొసల మీద తెల్లగా పూస్తే
వేణ్ణీళ్ళు పోసి, తుడిచి, వ్యాజిలీన్ రుద్దు.
ఆదివారం పనిలేకపోయినా కొడవలూరు దాకా పోయిరా,
దానికోసం."

పాతదాన్ని కాటాలో వేసి, సీసం ధర తీసేసి
చార్జరుతో కలిపి పందొమ్మిదివందల ఎనభై అంది.
ఎనభై వదిలేయమన్నా వదల్లేదు.

ఇప్పుడు ఆదివారం రాత్రుళ్ళు
కాపలా షెడ్డులో, మేత బస్తాల పక్కన
సీటు విప్పి తగిలిస్తాను.
బయట చక్రాలు నీళ్ళు కొడుతుంటాయి.
పెంచలయ్య గురక మొదలెడతాడు.
చార్జరు మీద ఎర్ర చుక్క, ఒకటే.
అది ఆకుపచ్చ అయ్యేదాకా
గోడవైపు తిరిగి పడుకున్నా
కనిపిస్తూనే ఉంటుంది.