తాళంచెవి ఎదురింట్లో ఉంది

గొడుగు ఆ మూల పెట్టు. కారితే కారనీ.
ఇదిగో తాళంచెవి, రెండు చేతులా పట్టుకో,
పాతకాలపు ఇనుము, జేబుకి లొంగదు.
కుడికి కాదు, ఎడమకి తిప్పాలి.
తిప్పుతూ తలుపుని మోకాలితో కాస్త బుజ్జగించాలి.
సర్లే, నేనూ వస్తా.
నీ మోకాలికి ఈ ఊరి యాస రాదు.

ఇదే మా సెయింట్ ఊడ్రిక్ చర్చి.
ఆయనెవరని అడక్కు,
ఈ లోయ దాటితే ఆయన్నెవరూ పిలవరు.
పాస్టరమ్మ ఏడు ఊళ్లకీ ఒక్కతే,
మూడో ఆదివారం మా వంతు.
చిన్న ఎర్ర కారు, వెనక సీట్లో తెల్ల అంగీ,
ప్రభు రాత్రి భోజనపు గిన్నె, దాన్ని వాసన చూస్తూ కుక్క.
అయిదుగురం ఉంటాం.
టాపర్ గారికి వినపడదు, ఆయన పాట
మాకంటే ఒక చరణం వెనక ముగుస్తుంది.
మేం ఆగుతాం.

ఆ మోకాళ్ల దిండ్లు మంచు కప్పేసిన ఏడాది కుట్టినవి.
ప్రూడెన్స్ కుట్టింది గొర్రెపిల్లని,
చూసినవాళ్లంతా మేఘం అంటారు.
పైన నల్లగా వేలాడుతున్నవి గబ్బిలాలు.
చట్టం వాటి పక్షం.
బలిపీఠం మీద ఈ ప్లాస్టిక్ పట్టా అందుకే.
ఏ మాటకామాటే, హాజరు మాత్రం అవి తప్పవు.

చుట్టుపక్కల చూడ్డానికి ఏమున్నాయన్నావు కదా,
డబ్బాలో పది పెన్నీలు వేసినా సరే,
ఆ కాగితాన్ని నమ్మకు.
అది రాసిన కర్నల్ గారు యూ చెట్టు కింద పడుకుని పాతికేళ్లయింది.
నీటిమర అని రాశాడా, అదిప్పుడు లండన్ వాళ్ల వంటిల్లు,
తిరగలి రాయి మీద రోజ్‌మేరీ కుండీలు.
'నల్ల గొర్రె' పబ్బు మూతపడింది,
బోర్డు మీద గొర్రె ఒక్కటే ఇంకా ఊగుతూ ఉంది.

వాగు మీద బండల దారి మాత్రం నిజం.
పదిహేడు బండలు. లెక్కపెట్టుకుంటూ దాటు,
తొమ్మిదోది కదులుతుంది.
ముప్పయ్యొక్కేళ్లు ఉత్తరాల సంచితో దాటాను,
అది నన్ను పడేసింది ఒక్కసారే.
ఆ రోజు సంచిలో పెంగెల్లీ వాళ్ల పొలానికి బ్యాంకు నోటీసు.
మర్నాడు అలాగే ఇచ్చాను, ఆరబెట్టకుండా.
అక్షరం మిగల్లేదు.
ఇంకోటి వచ్చేదాకా ఒక నెల వాళ్లు నిద్రపోయారు.
కాలు జారిందా, జార్చావా అని
పెంగెల్లీ ముసలాయన అడగలేదు. ప్రతి శరత్తులో
నా గుమ్మంలో ఒక బుట్టెడు ఆపిల్స్ ఉండేవి.

వాగు అవతల గుట్ట. రాజుగారి సమాధంటారు,
నాకు తెలిసి కుందేళ్లది.
ఎక్కితే సముద్రం సన్నగా, చాక్‌పీసు గీతలా కనిపిస్తుంది.
వాన లేకపోతే.
వాన ఉంటుంది.

ఏదో అడగబోయి ఆగావు.
అందరూ ఇక్కడే ఆగుతారు, ఈ గంట తాడు దగ్గర.
నమ్ముతావా అనేగా?
ఏం చెప్పను.
నేను మోసినవన్నీ మూసిన కవర్లు.
పంపిందెవరో, లోపలేముందో
పోస్టుమనిషి అడక్కూడదు.
ఇంటి నంబరు సరిగ్గా ఉందా, అంతే.

నేను ముందు పోతాను, పొయ్యి మీద సూపు ఉంది.
నువ్వు వెళ్లేప్పుడు ఆ తీగల తలుపు గట్టిగా వెయ్యి.
పోయిన వసంతంలో ఒక వానకోవిల దూరింది.
మూడో ఆదివారం పాస్టరమ్మకి కనిపించింది,
బాప్తిస్మపు తొట్టి అంచున, రెక్కలు ముడుచుకుని.
తొట్టి ఎండిపోయి ఉంది.
అందులో నీళ్లు పోసేది పసిపిల్లలొచ్చినప్పుడే,
చివరి పసివాడిప్పుడు రెండో తరగతి.

అందుకే రోజూ చీకటి పడేముందు ఒకసారి వస్తాను.
పాలసీసాడు నీళ్లు తొట్టిలో పోసి,
కాసేపు పైకి చూసి వెళ్తాను.
ఏమీ ఉండదు. గబ్బిలాలే.

తాళంచెవి నా బూట్ల పక్కన పెట్టెయ్యి.
మెట్టు అరిగిపోయింది, చూసి దిగు.
ఎడమకి, గుర్తుంది కదా.